రోజుకో ఫొటోనా, ఏడాదంతా ఒకే అంశమా: ఏది మేలు?

కెమెరా కొన్న కొత్తలోని సంబరం తగ్గాక చాలామందికి ఎదురయ్యే ప్రశ్న: ఇక ఏం తీయాలి? దీనికి ఎక్కువగా వినిపించే సలహాలు రెండు. రోజుకొకటి చొప్పున ఏడాదికి 365 ఫొటోలు తీయడం ఒకటి. ఒక చెట్టునో, పనిచేసే చేతులనో, ఇంట్లోని పెద్దవాళ్లనో ఎంచుకుని నెలల తరబడి వాళ్లనే, వాటినే తీస్తూ పోవడం రెండోది. సంతోషం నిలిచేది రెండోదానిలోనే. అయితే ముందు ఓ నలభై రోజులు మొదటిది చేసివస్తే రెండోది చాలా తేలికవుతుంది.

రోజుకో ఫొటో తీసేవాళ్లకు కెమెరా అమరికలు ఆలోచించకుండానే చేతికొస్తాయి. కిటికీలోంచి వెలుగు ఏ వేళకు ఎంత దూరం పాకుతుందో కంటికి తెలుస్తుంది. ఇబ్బందల్లా తీశాక మొదలవుతుంది. ఒక్కో ఫొటోను ఎంచి దిద్దడానికి 20 నిమిషాలు పడితే ఏడాదికి 120 గంటలు దాటుతుంది. 5 నిమిషాల్లో ముగిస్తే 30 గంటలే. మధ్యలో మానేసేవాళ్లను చాలాసార్లు ఓడించేది ఇలా పేరుకుపోయిన దిద్దుబాటే. పడుకోబోయే ముందు గుర్తొచ్చి, బల్ల మీది కప్పును తీసి లెక్క సరిపెట్టడం మరో చిక్కు. వారంలో అలాంటివి మూడు వచ్చాయంటే తీసే వేళ మార్చుకోవాలి.

అందుకే పగటి వెలుగున్న ఒక అరగంటను ముందే కేటాయించుకోండి. ఒకే లెన్సు వాడండి. షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) సెకనులో 1/125 వంతు, అపెర్చర్ (వెలుగు వచ్చే లెన్సు రంధ్రం) ఎఫ్ 5.6, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) ఆటోలో పెట్టి గరిష్ఠం 6400 అనుకుంటే చాలా సందర్భాలు గట్టెక్కుతాయి. పరుగెత్తే పిల్లలకు మాత్రం షట్టర్ 1/500 కావాలి. ఆ సాయంత్రమే ఒక్కటి ఉంచుకుని మిగతావి తుడిచేయండి. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు తీసి పూడ్చవద్దు, ఆ ఖాళీని అలాగే వదిలేయండి.

ఇక ఒకే అంశం సంగతి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ నికోలస్ నిక్సన్ 1975 నుంచి తన భార్యనూ ఆమె ముగ్గురు చెల్లెళ్లనూ ఏటా ఫొటో తీస్తూ, నలభై ఏళ్లకు పైగా ఆ పని కొనసాగించారు. ప్రతిసారీ నలుగురూ నిలబడే వరుస అదే. దేన్ని మార్చకూడదో ముందే తేల్చుకోవడంలోనే ఈ పద్ధతి కిటుకంతా ఉంది. వరుస మారదు కాబట్టి ముఖాల్లో వచ్చిన మార్పు మీదే మన చూపు నిలుస్తుంది.

అంశం ఇంటి నుంచి పావుగంట నడక దూరంలో ఉండాలి, వారానికి రెండుసార్లయినా అందాలి. దాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "జీవితం" అని రాస్తే ఏ ఫ్రేమైనా అందులో ఇమిడిపోతుంది, ఏదీ బయటికి పోదు. "ఈ దర్జీ చేతులు, పొద్దుటి వెలుగులో" అంటే ఏం తీయాలో, ఏం వదలాలో వెంటనే తెలుస్తుంది. మనుషులైతే మొదటిరోజే అనుమతి అడగండి, వారం తిరక్కుండా ఒక ప్రింటు వాళ్ల చేతిలో పెట్టండి. ఆ తర్వాత వాళ్లు కెమెరాను పట్టించుకోకుండా తమ పనిలో పడతారు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు రంగులది. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును బట్టి తెలుపును తెలుపుగా చూపే అమరిక) ఆటోలో ఉంటే ఒకటి పసుపుగా, ఒకటి నీలంగా వచ్చి, పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే చోట తీసినట్టే కనిపించవు. పగటి వెలుగుకు 5,200 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే ప్రమాణం) దగ్గర స్థిరంగా ఉంచి, రా ఫైళ్లుగా (కెమెరా దిద్దకుండా ఇచ్చే మూల ఫైళ్లు) తీయండి. ఒకే చోటు నుంచి చెట్టునో వీధినో తీసేవాళ్లు ట్రైపాడ్ కాళ్లు ఆనే చోట గుర్తుపెట్టి, కెమెరా ఎత్తు, ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే అంకె) పుస్తకంలో రాసుకోవాలి. గడియారం చూసి ఉదయం 7 అని పెట్టుకుంటే కాలం మారేకొద్దీ నీడలు మారిపోతాయి. సూర్యోదయమైన గంటకు అని పెట్టుకుంటే వెలుగు చాలావరకు ఒకే తీరుగా దొరుకుతుంది.

మూడు నెలలకోసారి 60 ఫొటోలు 4×6 అంగుళాల సైజులో ప్రింటు వేయించండి. అందుకు 1800×1200 పిక్సెళ్లు చాలు, ఫోన్‌తో తీసినవైనా సరిపోతాయి. నేల మీద పరిచి, ఒకే మాట రెండుసార్లు చెప్పే వాటిని తీసేస్తూ 20కి, తర్వాత 12కి తగ్గించండి. తెరమీద బాగున్నది ఇక్కడ తేలిపోవచ్చు, మామూలుగా అనిపించింది పక్కదానితో కలిసి నిలబడొచ్చు. ఏ కోణం లోటుగా ఉందో అప్పుడే కళ్లకు కడుతుంది. ఆ లోటును కాగితం మీద రాసుకుంటే, మర్నాడు కెమెరా పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో తేలిపోతుంది.