వెబ్‌సైట్ బిల్డర్‌కి ఏడాది డబ్బు కట్టేముందు మెనూ సంగతి తేల్చుకోండి

గుంటూరు, విజయవాడల్లో చిన్న వ్యాపారం చేసుకుంటూ సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకుందామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెబ్‌సైట్ బిల్డర్ అంటే కోడ్ రాయడం రాకపోయినా మనమే సైట్ తయారుచేసుకునేలా డబ్బు తీసుకుని ఇచ్చే సేవ. పండగ ఆఫర్, ఈ రోజుతో ఆఖరు అని ఫోన్లు వస్తాయి. వాటికి తొందరపడి ఏడాది ప్లాన్ కట్టకండి. మీరు కొనబోయే ప్లాన్‌లో మెనూని ఎంతవరకు మార్చుకోనిస్తారో ముందు తేల్చుకోండి. మెనూ అంటే సైట్ పైన వరసగా కనబడే హోమ్, పచ్చళ్లు, పొడులు, మా గురించి లాంటి పేర్లు. వినడానికి ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది. మా ఆవకాయ సీజన్ అమ్మకాలు దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

మాది గుంటూరు బ్రాడీపేటలో ఇంటి పచ్చళ్ల వ్యాపారం. అత్తగారు కలుపుతారు, ప్యాకింగూ ఆర్డర్లూ నేను చూసుకుంటాను. బిల్డర్ కంపెనీ నుంచి ఫోన్ చేసిన అబ్బాయిని నేను స్పష్టంగా ఒక్కటే అడిగాను. శాకాహార పచ్చళ్లు, మాంసాహార పచ్చళ్లు మెనూలో వేరువేరుగా ఉండాలి, గోంగూర కోసం వచ్చినవాళ్లకి పక్కన రొయ్యల పచ్చడి కనబడకూడదు, అలా కుదురుతుందా అని. మా కొనుగోలుదార్లలో ఇది చాలా పట్టింపు ఉన్న విషయం. సీసా మీద కూడా శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు, మాంసాహారానికి గోధుమరంగు గుర్తు వేరుగా వేయాలని నిబంధనే ఉంది కదా. "మేడమ్, మెనూ మీ ఇష్టం, ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు" అన్నాడు. డబ్బు కట్టకముందు వాడి చూసుకోనిచ్చే ట్రయల్‌లో చేసి చూశాను. పచ్చళ్లు అన్న పేరు నొక్కితే కింద రెండు విభాగాలు చక్కగా తెరుచుకున్నాయి. డబ్బు కట్టాం.

కట్టిన మర్నాడు చూస్తే ఆ రెండు విభాగాల పక్కన తాళం గుర్తు! ట్రయల్ నడిచింది వాళ్ల అన్నిటికంటే పై ప్లాన్ మీదట, మేం కొన్నది కింది ప్లాన్. దాంట్లో మెనూ పేర్లు మార్చుకోవచ్చు, ముందూ వెనకా జరుపుకోవచ్చు. అంతే. ఒక పేరు కింద ఇంకో వరస రావాలంటే పై ప్లాన్‌కి వెళ్లాలి. ధరల పేజీలో ఈ సంగతి ఎక్కడా లేదు, అక్కడ రాసింది "మెనూ మార్చుకునే సౌకర్యం" అని మాత్రమే. ధర కూడా జీఎస్టీ 18 శాతం కలపకుండా వేసినదే, ఆ సంగతి కట్టేటప్పుడు చివరి పేజీలోగానీ తెలియలేదు. తాళం పడగానే మా పచ్చళ్లన్నీ ఒకే పేజీలో కలిసిపోయాయి. ఆవకాయ, మాగాయ, చికెన్, రొయ్య, గోంగూర, అన్నీ ఒకే వరసలో. ఏళ్ల తరబడి మా దగ్గరే కొంటున్న ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "అమ్మాయ్, మీరు ఒకే గరిటె వాడతారా?" అని అడిగారు. మేం వంటిల్లే వేరు పెట్టుకున్నాం. ఆవిడ అలా అడగాల్సి వచ్చినందుకు అత్తగారు ఎంత బాధపడ్డారో నేను మాటల్లో చెప్పలేను.

ఇక తెలుగు అక్షరాల సంగతి. ఇది మనవాళ్లందరూ తప్పక చూసుకోవాల్సింది. ఆ మెనూ పట్టీ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేట్టు బిగించేశారు. మన వత్తులు అక్షరం కిందికి దిగుతాయి కదా, అవి పట్టీ అంచు దగ్గర తెగిపోతున్నాయి. "పచ్చళ్లు" అని పెడితే "పచళు" అని కనబడింది. ఎత్తు పెంచే వీలు ఆ ప్లాన్‌లో లేదు. "మాంసాహార పచ్చళ్లు" అని కొంచెం పొడుగు పేరు పెడితే రెండు ముక్కలై లోగో మీదికి ఎక్కింది. సహాయ విభాగానికి స్క్రీన్‌షాట్లు పంపితే, పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోమని జవాబు. తెలుగువాళ్లకి తెలుగు పచ్చళ్లు అమ్ముకునేవాళ్లకి ఇచ్చే సలహానా ఇది? పైగా ఇదంతా కంప్యూటర్‌లో కనబడేదాని గురించి. మన దగ్గర కొనేవాళ్లు చూసేది ఫోన్‌లో. ఫోన్‌లో మెనూ మూడు గీతల వెనక దాక్కుంటుంది, దాన్ని విడిగా అమర్చుకోనివ్వరు. ఫోన్ నంబరు పైన పెట్టుకుందామన్నా కుదరలేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది పేరు మార్పు. సీజన్ రాగానే మెనూలో "మామిడి పచ్చళ్లు" అని ఉన్నదాన్ని "కొత్త ఆవకాయ" అని మార్చాను. ఆ బిల్డర్‌లో మెనూ పేరు మారితే పేజీ చిరునామా కూడా దానంతటదే మారిపోతుంది. అడగదు, హెచ్చరించదు. మా సీసాల లేబుళ్ల మీద అచ్చయిన క్యూఆర్ కోడ్‌లో ఉన్నది పాత చిరునామా. అచ్చయ్యాక క్యూఆర్‌లోని చిరునామా మారదు. సీసా అయిపోయి మళ్లీ ఆర్డర్ ఇద్దామని స్కాన్ చేసినవాళ్లందరికీ "పేజీ దొరకలేదు" అని వచ్చింది. పాత చిరునామాకి వచ్చినవాళ్లని కొత్తదానికి పంపే ఏర్పాటు ఒకటి ఉంటుంది, రీడైరెక్ట్ అంటారు. అదీ పై ప్లాన్‌లోనేనట. కొత్త చిరునామా తెలుగులో తయారైంది కాబట్టి వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులూ అంకెలతో చాంతాడంత వస్తోంది. ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతం గుర్తుకి తొమ్మిదేసి గుర్తులు పడతాయి. చూసినవాళ్లు మోసపు లింకు అనుకుని తెరవడం మానేశారు.

ఇలా ఉండడం సాంకేతికంగా తప్పనిసరి అనుకోకండి. సైట్లు తయారుచేసుకోవడానికి ఉచితంగా దొరికే వర్డ్‌ప్రెస్‌లో 2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచీ మెనూ అనేది పేజీలకి సంబంధం లేకుండా విడిగా ఉంది. మెనూలో కనబడే పేరు ఎన్నిసార్లు మార్చినా పేజీ చిరునామా కదలదు, ఒకదాని కింద ఒకటి చేర్చుకోవడానికి విడిగా డబ్బూ అడగదు. కాకపోతే హోస్టింగ్ (సైట్‌ని ఉంచే సర్వర్ ఏర్పాటు), అప్‌డేట్లు మనమే చూసుకోవాలి. చూసిపెట్టే మనిషి ఉంటే అదే మేలని నా అభిప్రాయం.

ఎలాగైనా బిల్డరే కావాలనుకుంటే, ట్రయల్ ఏ ప్లాన్ మీద నడుస్తోందో వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్‌లో ఇచ్చిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు. మీరు కొనబోయే ప్లాన్‌నే ముందు ఒక్క నెలకి కట్టండి. అందులో వత్తులున్న ఒక తెలుగు పేరు పెట్టి ఫోన్‌లో చూడండి. దాని కింద ఇంకో పేరు చేర్చండి. ఆ పేరు మార్చి, పాత లింకు ఇంకా తెరుచుకుంటోందో లేదో చూడండి. ఇవన్నీ కుదిరాకే లేబుళ్లు అచ్చుకి ఇవ్వండి. క్యూఆర్‌ని ఎప్పుడైనా లోపలి పేజీకి కాకుండా హోమ్ పేజీకే పెట్టించండి. డొమైన్, అంటే మీ సైట్ చిరునామా, మీ పేరు మీద, మీ ఈమెయిల్ మీద ఉండాలి. బిల్డర్‌వాళ్ల ఖాతాలో ఉంటే బయటికి వచ్చేటప్పుడు వాళ్ల దయ మీద ఆధారపడాల్సి వస్తుంది.

ఆటో రెన్యువల్, అంటే గడువు తీరగానే దానంతటదే మళ్లీ డబ్బు పోవడం, ఆ సంగతి కూడా మర్చిపోకండి. మొదటి ఏడాది ధర వేరు, రెండో ఏడాది ధర వేరు. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే మీ యాప్‌లోకి వెళ్లి మీరే రద్దు చేసుకోవచ్చు, వాళ్లని బతిమాలక్కర్లేదు. కార్డు మీద అయితే డబ్బు పోవడానికి కనీసం 24 గంటల ముందు సందేశం రావాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని తీసేయకండి.

మేం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. 2023 నవంబరులో కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని తప్పుదారి పట్టించే ఎత్తులు) మార్గదర్శకాల్లో 13 రకాల మాయలు పేర్కొన్నారు. ఒకటి చూపించి ఇంకోటి అంటగట్టడం, అసలు ధర చివర్లో బయటపెట్టడం రెండూ వాటిలో ఉన్నాయి. మీరూ ఫిర్యాదు పెడితే ఇవి ప్రస్తావించండి. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారని అవతలివాళ్లు వాదించవచ్చు, అందుకే ఇది మీ స్వయం ఉపాధి, మీ బతుకుతెరువు అని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. ట్రయల్‌లో తెరుచుకున్న మెనూకి డబ్బు కట్టాక తాళం పడ్డవాళ్లు మన జిల్లాల్లో ఇంకెవరైనా ఉంటే బిల్లు, స్క్రీన్‌షాట్లు, వాళ్లతో జరిపిన చాట్ జాగ్రత్తగా దాచి నాకు చెప్పండి. ఎవరి ఫిర్యాదు వాళ్లదే అయినా అందరం ఒకే వారంలో పెడదాం.