ఊర్ల తెర కట్టి పాత సినిమా: పాలమూరు దిక్కు ప్రొజెక్టర్ కిరాయి సెట్టు ఎట్లుంటది?

టూరింగ్ టాకీసుల నేల మీద కూసొని మాయాబజార్ చూసిన పెద్దమనిషికి అదే సినిమా ఫోన్ల పెట్టియ్యండి, పావుగంటకు పక్కకు పెడ్తడు. ఘటోత్కచునితో పాటు గాలికి ఊగే తెర, రీలు మారినప్పుడల్లా వెలిగే లైట్లు, పల్లికాయ పొట్టు చప్పుడు కూడా ఆయన యాదిల ఉన్నయి. మహబూబ్‌నగర్ల కిరాయికి దొరికే ప్రొజెక్టరు, తెర, రెండు స్పీకర్ల సెట్టు వాటిల ఎంత తిరిగి తెస్తదో చూడాలె.

బొమ్మకు ఢోకా లేదు. 4000 ల్యూమెన్ల (వెలుతురు కొలత) ప్రొజెక్టరు 12 అడుగుల వెడల్పు తెరకు మస్తయితది. లెన్సు త్రో, అంటే తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరం కావాల్నో ఆ లెక్క, 1.5 ఉంటే తెరకు 18 అడుగుల దూరంల స్టూలు వెయ్యాలె. మే నెలల రాత్రి 7:15 దాటినంకనే మొదలువెట్టాలె, లేకుంటే నలుపంతా బూడిద రంగైతది. వీధి లైటు ఆపించే పని కరెంటోళ్లతోని పొద్దుగాలనే మాట్లాడుకోవాలె.

చెడేది కొలతల కాడ. మాయాబజార్ 1957 నాటిది, బొమ్మ దాదాపు చదరం. కిరాయి పిలగాండ్లు తెర నిండాలని అడ్డం సాగదీస్తరు, ఘటోత్కచుడు ఇంకింత లావైతడు. సెట్టింగుల 4:3 (అడ్డం నాలుగు, నిలువు మూడు) పెట్టమని చెప్పాలె. 1974ల వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగుల తొలి సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పు బొమ్మ; దానికి కింద మీద నల్లపట్టీలు వస్తయి, ఉండనియ్యండి. పాత టీవీ నిండేటట్టు కోస్తే స్కోప్ బొమ్మల 40 శాతం పైనే పోయేది. దాన్ని టీవీలనే మొదలు చూసినోళ్లు ఈ తెర మీద పక్కల నిలబడ్డ మనుషులను కొత్తగ చూస్తరు. మాయాబజార్‌కు 2010ల రంగులేసిన ప్రింటు కూడా ఉన్నది. పిల్లలకైతే అదే వెయ్యొచ్చు గని, అరవై దాటినోళ్లకు నలుపు తెలుపుదే వెయ్యాలె. వాళ్ల మాయాబజార్ అదే.

సౌండు మాత్రం నాసిరకం. స్పీకర్లను డీజే లెక్క జనం ఎనుక పెడ్తరు. మాట ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు అయితడు. రెండూ తెర కిందనే, కూసున్నోళ్ల చెవి ఎత్తుల ఉండాలె. బ్లూటూత్ వద్దు, పెదవులు కదిలినంక మాట వస్తది. వైరే గుంజాలె. బాస్ తగ్గించాలె, పాత రికార్డింగుల గొంతే ముఖ్యం. జనరేటర్ ఉంటే దూరంగ బోరు మోటరు కాడికి జరపాలె, లేకుంటే పద్యం వినవడదు. కరెంటు గుక్కున పోతే ల్యాంపు చల్లారక చెడిపోతది. కనీసం ప్రొజెక్టరు వరకన్నా యూపీఎస్ అడుగాలె, కిరాయిల అది రాదు.

తెరకు ఇచ్చే మందపు వినైల్ గాలి పట్టి తెరచాప లెక్క గుంజుతది. ఇద్దరు పట్టుకున్నా ఆగదు, నాలుగు మూలలకు తాళ్లు, కిందికి ఇసుక సంచులు కావాలె. తెల్ల ధోతి బట్ట కడితే బొమ్మ కొంచెం మసకైతది గని, తెర ఎనుక దిక్కు కూసున్నోళ్లకు కూడా కనవడ్తది. అక్షరాలు తిరగబడ్తయి, హీరో ఎడమచేతోడైతడు. ముసలోళ్లు కొందరు అటే పోయి కూసుంటరు, పిలిచినా ఇటు రారు.

మూడు గంటల సినిమాకు మధ్యల రెండుసార్లు లైట్లు వెయ్యాలె, పదేసి నిమిషాలు. ఊరందరినీ పిలిచి వేస్తే హక్కులున్నోళ్ల అనుమతి ముందుగాలనే తీసుకోవాలె, కిరాయోళ్లు ఆ మాట చెప్పరు.

బొమ్మకు ఐదుకు నాలుగు, సౌండుకు రెండు. స్పీకర్లు మీరే జరుపుకుంటామంటే ఈ కిరాయి దండుగ కాదు.