పెట్టె కొనండి, జవాబుల పుస్తకం మాత్రం పిల్లలకి ఇవ్వకండి

ఈసారి నాంపల్లి నుమాయిష్‌లో చెక్క సామాను అమ్మే ఓ స్టాల్‌లో పజిల్స్ పెట్టె ఒకటి కొన్నాను. అందులో హనోయ్ టవర్, బ్రెయిన్‌వీటా, టాన్‌గ్రామ్, ఆరు చెక్క ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి ఇరికించి బిగించే ముడి ఉన్నాయి. వాటితోపాటు 60 లెక్కల పజిల్స్, జవాబులు ఉన్న చిన్న పుస్తకం. పన్నెండు వందలు చెప్పి ఎనిమిది వందల యాభైకి ఇచ్చారు. పెట్టె మీద కంపెనీ పేరు లేదు. శీశం చెక్క, సహారన్‌పూర్ పని అని అమ్మినాయన చెప్పాడు. పట్టుకుంటే బరువుగా, నున్నగా ఉంది, అంచులు ఎక్కడా గీసుకోవు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఈ పెట్టెని బాగా వాడారు, కాబట్టి చూసీ చూడగానే రాస్తున్న రివ్యూ కాదిది. ఆటలు చాలా బాగున్నాయి. పుస్తకం మాత్రం వాటి స్థాయిలో లేదు. జవాబు చెబుతుందే తప్ప అది ఎందుకు జవాబో ఎక్కడా చెప్పదు. పజిల్‌కి ప్రాణమే ఆ "ఎందుకు" కదా!

హనోయ్ టవర్‌తో మొదలుపెడతాను, ఈ పెట్టెలో అన్నిటికన్నా విలువైనది అదే. మూడు కడ్డీలు, ఏడు బిళ్లలు. ఒక కడ్డీ మీద పెద్ద బిళ్ల అడుగున, చిన్నది పైన వచ్చేలా పేర్చి ఉంటాయి. ఒకసారికి ఒక్క బిళ్లే తియ్యాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. మొత్తం దొంతరని వేరే కడ్డీకి మార్చాలి. పుస్తకం దీన్ని "ప్రాచీన భారతీయ క్రీడ" అంది. కాశీలో ఓ గుడి, అందులో 64 బంగారు బిళ్లలు, అవన్నీ మార్చడం పూర్తయిన రోజు ప్రళయం అనే కథ కూడా వేసింది. కథ బాగుంది కానీ ఆట మనది కాదు. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు ఎదువార్ లూకా 1883లో దీన్ని బొమ్మగా తెచ్చాడు. తన ఇంటిపేరు (Lucas) లోని అక్షరాలని తారుమారు చేసి 'క్లౌస్' (Claus) అనే మారుపేరుతో విడుదల చేశాడు. ఆయన బొమ్మలో ఎనిమిది బిళ్లలు. కాశీ కథ కూడా ఆ బొమ్మతోపాటే ప్రచారంలోకి వచ్చింది. పిల్లలకి నిజం చెప్పినా ఆసక్తి ఏమీ తగ్గలేదు, పేరు తిప్పి రాసుకున్న సంగతి వాళ్లకి ఇంకా నచ్చింది.

అసలు లోపం జవాబులో ఉంది. ఏడు బిళ్లలకి 128 ఎత్తులు కావాలని అచ్చు వేశారు. సరైన సంఖ్య 127. ఒక్క ఎత్తే కదా అనిపించొచ్చు. కానీ ఆ ఒక్కటి ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఆట మొత్తం తెలిసినట్టే. అడుగున ఉన్న పెద్ద బిళ్ల కదలాలంటే పైనున్న ఆరూ మూడో కడ్డీ మీద ఉండాలి, రెండో కడ్డీ ఖాళీగా ఉండాలి. ఇంకో దారి లేదు. అంటే ఆరింటిని ఒకసారి పక్కకి మార్చాలి, పెద్దదాన్ని ఒక్క ఎత్తులో జరపాలి, మళ్లీ ఆరింటిని దాని మీదికి తేవాలి. ఆరింటికి ఎన్ని ఎత్తులో దానికి రెట్టింపు, పైన ఒకటి. ఒక బిళ్లకి 1, రెండింటికి 3, మూడింటికి 7, ఆ తర్వాత 15, 31, 63, 127. బోర్డు మీద 1, 3, 7 వరకు రాసి ఆపితే చాలు, మిగతాది పిల్లలే అందుకుంటారు. "ప్రతిదీ రెండు హెచ్చింపుల్లో ఒకటి తక్కువ టీచర్" అని వెనక బెంచీనుంచి వినిపించిన రోజు నాకు చాలా సంతోషమేసింది. 64 బిళ్లలైతే ఎత్తుల సంఖ్యలో 20 అంకెలుంటాయి. సెకనుకో ఎత్తు చొప్పున వేసినా సుమారు 58,500 కోట్ల ఏళ్లు పడుతుంది.

చేత్తో ఆడేటప్పుడు పనికొచ్చే కిటుకు ఒకటుంది, అదీ పుస్తకంలో లేదు. అన్నిటికన్నా చిన్న బిళ్లని ఒక ఎత్తు విడిచి ఒక ఎత్తు కదపాలి, ఎప్పుడూ ఒకే దిశలో తిప్పుతూ పోవాలి. మధ్యలో వేసే ఎత్తుకి మనం ఆలోచించాల్సిన పనే లేదు, నియమం ప్రకారం ఒక్కటే మిగులుతుంది. బిళ్లలు బేసి సంఖ్యలో ఉంటే చిన్నదాన్ని ముందుగా చేరాల్సిన కడ్డీ మీదే పెట్టాలి, సరి సంఖ్యలో ఉంటే మిగిలిన ఖాళీ కడ్డీ మీద. దీన్ని నేను చివర్లో చెబుతాను, ముందే చెబితే ఆట అయిపోతుంది.

బ్రెయిన్‌వీటా మన ఇళ్లలో చాలామందికి తెలిసిందే. 33 గుంటలు, నడిమి గుంట వదిలేసి 32 గోళీలు. ఒక గోళీ పక్క గోళీని దాటి ఖాళీ గుంటలో పడితే దాటిన గోళీ తీసేయాలి. చివరికి ఒక్కటే మిగలాలి, అదీ మధ్యలో. పుస్తకంలో దీని జవాబు 31 వరసల అంకెలు. ఏ గుంటనుంచి ఏ గుంటకో చూసుకుంటూ వేస్తే మధ్యలో గోళీ మిగులుతుంది. వేసినవాళ్లకి ఏం తెలిసిందంటే ఏమీ లేదు.

దీనికి నేను తరగతిలో చేసినది చెబుతాను, ఇంట్లో కూడా చెయ్యొచ్చు. మూడు రంగుల స్టిక్కర్ బొట్లు తీసుకుని గుంటల అడుగున అంటించండి. ఎటు చూసినా, అడ్డంగా గానీ నిలువుగా గానీ వరసగా ఉన్న మూడు గుంటల్లో మూడు వేర్వేరు రంగులు రావాలి. ఐమూలగా ఒకే రంగు పోనిస్తే సరిగ్గా కుదురుతుంది, ఒక్కో రంగుకి 11 గుంటలు వస్తాయి. ఇప్పుడు ఒక దూకుడు చూడండి. బయలుదేరిన గుంట రంగులో ఒక గోళీ తగ్గింది, దాటిన గుంట రంగులో ఒకటి తగ్గింది, చేరిన గుంట రంగులో ఒకటి పెరిగింది. మూడు రంగుల్లోనూ సరి ఉంటే బేసి అయింది, బేసి ఉంటే సరి అయింది. మధ్య గుంట ఎర్రది అనుకుంటే మొదట్లో ఎరుపులో 10 గోళీలు, మిగతా రెండు రంగుల్లో 11 చొప్పున. 31 దూకుళ్ల తర్వాత ఎరుపు బేసి అవ్వాలి, మిగతావి సరి అవ్వాలి. మిగిలేది ఒక్క గోళీ, కాబట్టి అది ఎర్ర గుంటలోనే ఉండాలి. బొట్లని రెండో ఐమూల దిశలో అంటించి ఇదే లెక్క మళ్లీ వేస్తే ఎర్ర గుంటల్లోనూ అయిదే మిగులుతాయి: నడిమిది, నాలుగు చేతుల చివర్లలో మధ్యనున్నవి. ఇంకెక్కడా చివరి గోళీ మిగిలే అవకాశం లేదు. ఎనిమిదో తరగతి పిల్లకి సరి, బేసి తప్ప ఇంకేం తెలియక్కర్లేకుండా ఇంత బలమైన రుజువు చేతికొస్తుంది. ఇలాంటిది పుస్తకంలో అరపేజీ వేస్తే ఎంత బాగుండేది!

బాగా ఆడేవాళ్లకి ఇంకో మెట్టు ఉంది. ఒకే గోళీ ఆగకుండా వేసే దూకుళ్లన్నీ ఒక ఎత్తు కింద లెక్కిస్తే 18 ఎత్తుల్లో ఆట ముగించొచ్చు. 1912లో ఎర్నెస్ట్ బెర్గోల్ట్ ఇది చూపించాడు. అంతకన్నా తక్కువలో కుదరదని 1964లో జాన్ బీస్లీ రుజువు చేశాడు. మా తరగతిలో ఇంకా ఎవరూ దాని దరిదాపులకి రాలేదు. ప్రయత్నం ఆపలేదు కూడా.

టాన్‌గ్రామ్ ముక్కలు కచ్చితంగా కోశారు, ఏడూ కలిస్తే చతురస్రం సందు లేకుండా కుదురుతుంది. పుస్తకంలో బాతు, పిల్లి, పడవ లాంటి బొమ్మలు బోలెడు. చిన్నపిల్లలకి అవి చాలు. పెద్దపిల్లలకి మాత్రం నేను వేరే పని ఇస్తాను: లోపలికి నొక్కుకుపోయిన మూల ఒక్కటీ లేకుండా ఏడు ముక్కలతో ఎన్ని ఆకారాలు చెయ్యొచ్చు? సరిగ్గా 13 అని 1942లో ఇద్దరు చైనా గణితజ్ఞులు తేల్చారు. ఒక త్రిభుజం, ఆరు చతుర్భుజాలు, రెండు పంచభుజులు, నాలుగు షడ్భుజులు. ఆరు ముక్కల చెక్క ముడి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వానాకాలం తేమకి చెక్క ఉబ్బి ఇరుక్కుపోయింది, ఎండ కాశాక మళ్లీ వదులైంది. బలవంతంగా లాగితే మూలలు విరుగుతాయి, జాగ్రత్త.

ఇక పుస్తకంలోని 60 పజిల్స్. ఏరిక బాగుంది, ఆ మాట చెప్పాలి. నది దాటించే పజిల్‌తో మొదలవుతుంది. యూరప్‌లో మధ్యయుగపు పండితుడు ఆల్క్విన్ పేరు మీద చెప్పుకునే పాత లాటిన్ పజిల్స్ సంకలనంలో తోడేలు, మేక, క్యాబేజీ ఉంటాయి. మన దగ్గర పులి, మేక, గడ్డిమోపు అని చెబుతారు. పిల్లలు ఆగిపోయేది ఎప్పుడూ ఒక్కచోటే. "అవతలికి తీసుకెళ్లిన మేకని మళ్లీ వెనక్కి తేవచ్చా టీచర్?" అని అడుగుతారు. వద్దని ఎవరూ అనలేదు కదా అంటే చాలు, మిగతాది వాళ్లే చేసేస్తారు. పుస్తకం ఏడు ప్రయాణాలూ వరసగా చెప్పేసి ఆ అడిగే అవకాశమే లేకుండా చేసింది.

వంతెన పజిల్ దగ్గర జవాబే తప్పు. రాత్రిపూట నలుగురు వంతెన దాటాలి, ఉన్నది ఒకే టార్చి, ఒకసారికి ఇద్దరే వెళ్లగలరు. ఒక్కొక్కరికి 1, 2, 5, 10 నిమిషాలు పడుతుంది, ఇద్దరు కలిసి నడిస్తే నెమ్మదైనవాడి వేగమే లెక్క. చురుకైనవాడు ఒక్కొక్కర్నీ దిగబెట్టి టార్చి వెనక్కి తెస్తాడని పెట్టుకుని 19 నిమిషాలు అని వేశారు. అందరికీ మొదట తట్టేది అదే, పజిల్ పెట్టిందే ఆ ఆలోచన దాటడానికి. 5, 10 నిమిషాలవాళ్లని విడివిడిగా పంపితే ఆ రెండూ లెక్కలో పడతాయి, కలిపి పంపితే 10 ఒక్కటే పడుతుంది. అందుకే ముందు 1, 2 దాటాలి. 1 వెనక్కి రావాలి. 5, 10 కలిసి వెళ్లాలి. అవతల ఉన్న 2 టార్చి తేవాలి. మళ్లీ 1, 2 దాటాలి. మొత్తం 17 నిమిషాలు. తప్పు జవాబు అచ్చులో ఉంటే సరైనది కనుక్కున్న పిల్ల తనదే తప్పనుకుంటుంది. అందుకే నాకు దీని మీద కోపం ఎక్కువ.

త్రాసు పజిల్‌కి మాత్రం దశలు సరిగ్గానే ఇచ్చారు. 8 నాణేల్లో ఒకటి బరువు ఎక్కువ, రెండు తూకాల్లో పట్టాలి. మూడూ మూడూ తూచి రెండు పక్కన పెట్టమంది. "9 నాణేలైతే?" అని ఓ అబ్బాయి అడిగాడు. తొమ్మిదికీ రెండు తూకాలే చాలు. త్రాసు ఎడమకి మొగ్గొచ్చు, కుడికి మొగ్గొచ్చు, సమంగా నిలవొచ్చు. ఒక్కో తూకం మూడు దారులు చూపిస్తుంది కాబట్టి రెండు తూకాలకి తొమ్మిది. ఈ మాట ఒక్కటి పుస్తకంలో ఉంటే 27 నాణేల సంగతి పిల్లలకి పుస్తకం చూడకుండానే తెలిసేది.

ఇంకో కొరత. పుస్తకం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. నేను పజిల్స్ అన్నీ తెలుగులో అట్టముక్కల మీద రాసుకున్నాను, వెనక జవాబు రాయలేదు. అవి రాస్తున్నప్పుడు మన పావులూరి మల్లన గుర్తొచ్చాడు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని ఆయన ఏనాడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లబ్ధం మెడలో వేసుకునే హారంలా అటునుంచీ ఇటునుంచీ ఒకేలా కనిపించే గుణకారాలంటే ఆ సంప్రదాయానికి ఇష్టం. 142857143ని 7తో హెచ్చించి చూడండి, 1000000001 వస్తుంది. నేను దీన్ని అట్టముక్క మీద చేర్చాను, పెట్టె తయారుచేసేవాళ్లు కూడా చేర్చాలని నా కోరిక.

డిసెంబర్ 22న రామానుజన్ పుట్టినరోజుకి బడుల్లో గణిత మేళా పెడతారు కదా, అక్కడ బల్ల మీద పెట్టడానికి ఇంతకన్నా మంచి సామాను ఈ ధరలో నాకు దొరకలేదు. ఇంటికైతే అయిదో తరగతి దాటిన పిల్లలున్నవాళ్లు కొనండి, అంతకన్నా చిన్నవాళ్లకి టాన్‌గ్రామ్ ఒక్కటే సరిపోతుంది. కొనేటప్పుడు స్టాల్ దగ్గరే బిళ్లలన్నీ మూడు కడ్డీల్లోకీ దించి చూసుకోండి, నాకు మొదట ఇచ్చిన పెట్టెలో ఒక కడ్డీ లావుగా ఉండి చిన్న బిళ్ల దిగలేదు, అడిగితే వెంటనే మార్చారు. గోళీలు 32 ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. అదే సైజువి నాలుగైదు ఎక్కువ ఇమ్మని అడగండి, పిల్లల చేతుల్లో అవే ముందు పోతాయి.