కోరస్ మైకా, రేడియో మైకా?

బాలు తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020లో కంచి పీఠానికి రాసిచ్చిన ఊరు నెల్లూరు. పాడేవాళ్లకు కొదవేముంది! ఆర్కెస్ట్రాలో కోరస్ పాడే అమ్మాయి రేడియోకి అనౌన్సర్‌గా వెళ్తే ఏం మారుతుంది?

కోరస్‌లో గొంతు పక్కవాళ్లతో కలిసిపోవాలి. విడిగా వినిపిస్తే తప్పు. రేడియోలో ఆ గొంతొక్కటే దిక్కు. ఊపిరి చప్పుడు కూడా మైకు పట్టేస్తుంది. పాటకు శ్రుతి, తాళం అండ. మాటకు అవి లేవు. అయితే పాట ఎక్కడ ముగుస్తుందో, ఫేడర్ (శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) ఎప్పుడు దించాలో గాయని చెవికి ఇట్టే తెలుస్తుంది. ఆకాశవాణి క్యాజువల్ అనౌన్సర్‌కి (డ్యూటీల లెక్కన పనిచేసేవాళ్లు) రాతపరీక్ష, ఆడిషన్ ఉంటాయి.

డబ్బంటారా, రెండుచోట్లా నెల జీతం కాదు: కచేరీకింత, డ్యూటీకింత. పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాదే పైచేయి. మూఢమొస్తే? నా ఓటు రేడియోకే, కోరస్ మానకుండా.