డల్లాస్ బావగారితో లేపాక్షి ట్రిప్: పర్మిట్, కారు, రూము

డిసెంబర్లో అక్కా బావగారూ పిల్లల్తో బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికొచ్చారు. బావగారిది అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే) కార్డుంది, ఇండియా లైసెన్సు ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. లేపాక్షికి కారు తనే నడుపుతానని ముందే అన్నారు, అందుకే టికెట్లు బుక్ చేసిన రోజే ఫోన్ చేసి మరీ చెప్పా, బయల్దేరేలోపు ట్రిపుల్ ఏ (అమెరికా ఆటోమొబైల్ అసోసియేషన్) ఆఫీసుకెళ్లి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి బావగారూ అని. లైసెన్సు ఏ దేశానిదైతే పర్మిట్ ఆ దేశం వాళ్లే ఇవ్వాలి, ఇక్కడ దిగాక ఆర్టీవో ఆఫీసు చుట్టూ ఎంత తిరిగినా రాదు. 20 డాలర్లు, రెండు ఫొటోలు, అంతే. ఆన్‌లైన్లో పదేళ్లకి ఇస్తామని అమ్మే కార్డులు మాత్రం కొనకండి, 1949 జెనీవా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ప్రకారం ఇచ్చే అసలు పర్మిట్ ఒక్క ఏడాదికే.

చిన్న పుస్తకంలా ఉంటుంది. లోపల ఏ బండికి పర్మిషన్ ఉందో ఆ అక్షరం దగ్గర ముద్ర వేస్తారు, కార్లకి బి, మోటార్ సైకిళ్లకి ఏ. బావగారికి బి ఒక్కటే ఉంది, అందుకే పాలకి వెళ్లొస్తానని నా యాక్టివా తాళం అడిగితే ఇవ్వలేదు. ఇంకోటి, పర్మిట్ ఒక్కటే చాలదు, ఒరిజినల్ లైసెన్సు కూడా జేబులో ఉండాల్సిందే.

కారు దగ్గర మాత్రం విసిగిపోయాం. మొదట బుక్ చేసినవాళ్లు పొద్దున్నే వైట్ బోర్డు కారు, అంటే సొంత వాడకానికి రిజిస్టర్ అయిన తెల్ల ప్లేటు కారు, తెచ్చి ఇంటి ముందు పెట్టారు. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి, సొంత కారుని అద్దెకి తిప్పుతూ రేపు ఏదైనా తగిలితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఎగ్గొడతారు, పిల్లల్ని ఎక్కించుకుని ఆ రిస్కు ఎవరు తీసుకుంటారు, వెనక్కి పంపేశా. అడ్వాన్సులో కోత పెట్టి రెండు వారాలకి ఇచ్చారు, ఇప్పటికీ కోపమే. ఇందిరానగర్లో రెండో చోట రేటెక్కువే గానీ పాస్‌పోర్టు, లైసెన్సు, పర్మిట్ మూడూ చూసి, అగ్రిమెంట్లో నా పేరూ బావగారి పేరూ ఇద్దరివీ డ్రైవర్లుగా రాశారు, కారుకున్న ఆంధ్రా పర్మిట్ కాగితం కూడా చూపించారు.

హెబ్బాళ దాకా నేనే నడిపా, అక్కణ్ణుంచి బావగారు. ఇక్కడి కారులో ఇండికేటర్ కుడి చేతికి, వాళ్లకి ఎడమ చేతికి కదా, లేన్ మారదామని నొక్కినప్పుడల్లా ఎండలో వైపర్లు టకటకా ఆడాయి. దేవనహళ్లి దాటాక చెయ్యి కుదిరింది. బాగేపల్లి టోల్, కొడికొండ దగ్గర ఎడమకి తిరిగితే లేపాక్షి, మొత్తం 120 కిలోమీటర్లు అటూ ఇటూగా. గుడిలో వేలాడే స్తంభం కింద అక్క చున్నీ ఈ వైపు నుంచి తోస్తే పిల్లలు ఆ వైపు లాగారు, ఒక మూల మాత్రం నేలకి తగులుతోంది. పైకప్పు బొమ్మలు తీరిగ్గా చూడాలి, ఒక పూట చాలదు.

రాత్రికి హిందూపురంలో లాడ్జి. రూము శుభ్రమే, వేన్నీళ్లు మాత్రం పొద్దున ఎనిమిదికే ఆగిపోయాయి, పిల్లలుంటే ముందే అడగండి. తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది, ఎదురు లారీల హై బీమ్‌కి బావగారు కళ్లు నలుపుకోవడం చూసి దేవనహళ్లిలో నేను తీసుకున్నా. నన్నడిగితే సిటీలో మనవాళ్లు, పగటి పూట హైవేలో వాళ్లు నడిపితే హాయి.

కారు అప్పజెప్పిన సాయంత్రానికే డిపాజిట్ వచ్చేసింది. బావగారి డ్రైవింగ్ పర్మిట్ వచ్చే నవంబర్ దాకా ఉంది, ఆలోగా ఇంకోసారి వస్తాం, హంపికి వెళ్దామని అక్క అప్పుడే అంటోంది.