పెద్ద గుంపా, ముగ్గురా, ఒంటరా? కొరియన్ గేమ్ షోల్లో ఏ పొత్తు మేలు

'డెవిల్స్ ప్లాన్' మొదటి సీజన్ చూస్తున్నంతసేపూ ఆర్బిట్ మీద నాకు గౌరవమూ చిరాకూ రెండూ కలిగాయి. సైన్స్ సంగతులు విడమరచి చెప్పే యూట్యూబర్ అతను. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ షోలో 12 మంది ఏడు రోజులు ఒకే చోట ఉండి ఆటలాడాలి. చేతిలో ఉన్న పీసులన్నీ, అంటే ఆటలో పాయింట్ల లాంటి బిళ్లలన్నీ, పోతే ఇంటికే. ఆర్బిట్ పంతం ఒక్కటే: వీలైనంతమందిని మిగిల్చాలి. అందుకోసం పెద్ద గుంపు కట్టాడు, వెనకబడ్డవాళ్లకి పీసులు అందేలా చూశాడు.

వినడానికి బాగుంటుంది. కానీ గుంపు పెరిగేకొద్దీ రహస్యం నిలవదు. బయట మిగిలిన ఒకరిద్దరికి కసి పెరుగుతుంది. అలా కసి పెరిగినవాడే నటుడు హా సొక్‌జిన్. ఆటలో భాగంగా ఉన్న జైలుకెళ్లిన రాత్రి నటి లీ షీవన్‌తో కలిసి అక్కడ దాచిన రహస్యాన్ని తవ్వాడు. ఆఖరికి ఫైనల్లో ఎదురుబొదురుగా కూర్చున్నది ఆర్బిట్, సొక్‌జిన్. ఇద్దరే ఆడే ఆటలో గుంపు ఏం చేస్తుంది? 25 కోట్ల వాన్ (కొరియా కరెన్సీ) బహుమతి హా సొక్‌జిన్ పట్టుకెళ్లాడు.

మరి ముగ్గురు గట్టిగా ఒకే మాట మీద ఉంటే? 2025లో వచ్చిన రెండో సీజన్ అదే చూపించింది. గాయకుడు క్యుహ్యున్, నటి యూన్ సోహీ, జాంగ్ హ్యున్‌గ్యూ ఒకరినొకరు కాపాడుకుంటూ వచ్చారు. లెక్క ప్రకారం ఇది పెద్ద గుంపు కన్నా చాలా బలమైనది: మాట బయటికి పోదు, నమ్మకం చెదరదు. ఫైనల్‌కి సోహీ, హ్యున్‌గ్యూ చేరారు, అతను 38 కోట్ల వాన్ గెలిచాడు. కానీ చూసేవాళ్లు మాత్రం మండిపడ్డారు, అతను బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆట కన్నా స్నేహం ముందుకొస్తే కొరియన్ ప్రేక్షకులకి అస్సలు నచ్చదు. దాన్ని 'ఛిన్మోక్' అని ఎద్దేవా చేస్తారు. మన బిగ్ బాస్‌లో అయితే ఆ కోపం ఓట్లలో తేలిపోయేది. ఇక్కడ ప్రేక్షకుడికి ఓటు లేదు, తిట్టుకోవడం తప్ప.

ఒంటరి ఆటకి పెద్ద పేరు హాంగ్ జిన్‌హో. స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ గేమ్ ఆటగాడిగా ఎప్పుడూ రెండో స్థానమే అన్న ముద్ర ఉన్నవాడు, 2013లో 'ద జీనియస్' అనే మరో కొరియన్ గేమ్ షో మొదటి సీజన్ గెలిచాడు. 'ఓపెన్, పాస్' ఆటలో మిగతావాళ్లు చేతులు కలిపితే, అతను కార్డుల వెనక డిజైన్‌లో తేడా పట్టుకుని ఒక్కడే గెలిచాడు. ఇప్పటికీ ఆ ఎపిసోడ్ మళ్లీ మళ్లీ చూస్తాను. అయితే ఆ షోలో ఓడినవాడు డెత్ మ్యాచ్‌కి, అంటే ఓడితే ఇంటికెళ్లే పోటీకి, తన ప్రత్యర్థిని తనే ఎంచుకుంటాడు. ప్రాణచిహ్నం ఉన్నవాళ్లని ముట్టుకోకూడదు. గెలిచినవాళ్లు ఆ చిహ్నం పంచేది తమవాళ్లకే. ఎవరికీ కాని మనిషికి ఎవరిస్తారు? రోజూ మెరుపు మెరవాలంటే కుదరదు కదా. రెండో సీజన్లో జిన్‌హో మధ్యలోనే వెళ్లిపోయాడు.

నన్నడిగితే వీటన్నిటికన్నా ఇద్దరి జోడీ మేలు. ఒక షరతు: ఇద్దరూ ఆటలో దిట్టలై ఉండాలి. 'ద జీనియస్' మూడో సీజన్లో, 2014లో, కమెడియన్ జాంగ్ డోంగ్‌మిన్, కైస్ట్ అనే పేరున్న సైన్స్ యూనివర్సిటీ విద్యార్థి ఓ హ్యున్‌మిన్ అలాగే కలిశారు. ఒకడు మనుషుల్ని చదివేవాడు, ఇంకొకడు లెక్కలు వేసేవాడు. ఫైనల్‌కి వచ్చింది వాళ్లిద్దరే. అక్కడ ఎవరూ ఎవరికీ తగ్గలేదు, డోంగ్‌మిన్ గెలిచాడు. మరుసటి ఏడు నాలుగో సీజన్ కూడా అతనిదే.

ముగ్గురైతే ఒకరిని మిగతా ఇద్దరూ ఎప్పుడు వదిలేస్తారో అన్న టెన్షన్ ఉంటుంది. ఇద్దరే అయితే ద్రోహం చేసినవాడు మర్నాడు ఒంటరే. నన్నే గనక ఆ ఇంట్లో పడేస్తే, మొదటిరోజు నవ్వుతూ కబుర్లు చెప్పేవాళ్ల దగ్గరికి పోను. రూల్స్ చదువుతున్నప్పుడు ఎవరి పెన్ను ముందు ఆగిందో చూసి, వాళ్ల పక్కన కూర్చుంటాను.