పాత లారీ పొద్దున స్టార్ట్ కావట్లేదా? డీజిల్ లైన్ చూడాలా, ఇంజెక్షన్ పంపు దించాలా?

మిర్యాలగూడలో బియ్యం లోడ్ కోసం రాత్రంతా ఆపిన మా లారీ, పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా దగ్గి ఆగిపోయేది. మెకానిక్ చూడకుండానే 'పంపు దించుదాం' అన్నాడు (ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు), నేనే ఆగమన్నాను.

ఖర్చు: లైన్ అంటే ఫిల్టర్లు, రాగి వాషర్లు, రెండు క్లిప్పులు.
పంపు అంటే కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం), టైమింగ్ (డీజిల్ కొట్టే సమయం సరిచేయడం), పైగా బండి రోజుల తరబడి షెడ్డులోనే.

శ్రమ: తప్పెక్కడో తేల్చడానికి ఐదు లీటర్ల డీజిల్ క్యాన్ ఎత్తులో కట్టి, ట్యాంకు పైపు తీసేసి, క్యాన్ నుంచే ఫీడ్ పంపుకి (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) ఇచ్చి, లైన్‌లో గాలి తీసి రాత్రి అలాగే వదిలేయండి. పొద్దున వెంటనే అందుకుంటే తప్పు చాలావరకు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యనే. మాకు అదే, ఒక జాయింట్ గాలి పీలుస్తోంది. డీజిల్ చుక్క కూడా కారదు, ఇక కంటికెలా కనబడుతుంది!

రిస్క్: లైన్‌లో మట్టి పడకుండా చూసుకుంటే చాలు. పంపు టైమింగ్ తప్పితే మాత్రం పొగ, ఇంకో తలనొప్పి.

రాత్రి ఆపితేనే మొండికేసి, చేతి పంపు (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించేది) కొట్టాక స్టార్టయ్యే బండికి ముందు లైనే. బ్యాటరీ, సెల్ఫ్ బాగున్నా, క్యాన్ పెట్టినా, వేడి మీద కూడా అదే కథైతే, ఆయిల్‌లో డీజిల్ వాసన కూడా వస్తుంటే, పంపు దించండి.